కుర్రవాడికి జట్టు అప్పగించాక

2021 నవంబరు నెలాఖరున, రెండు రోజుల వ్యవధిలో, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇద్దరు పేరుమోసిన కోచ్‌లు ఉన్నపళంగా తమ జట్లను వదిలి వెళ్లిపోయారు. ఓక్లహోమా విశ్వవిద్యాలయం నుంచి లింకన్ రైలీ లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీకి మారాడు. ఇండియానా రాష్ట్రంలోని నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం నుంచి బ్రయన్ కెల్లీ లూసియానాలోని ఎల్‌ఎస్‌యూకి మారాడు. కెల్లీకి అక్కడ రాసిచ్చిన ఒప్పందం పదేళ్లకు 9.5 కోట్ల డాలర్లు. పన్నెండు సీజన్లు నడిపిన జట్టుకు ఆయన వెళ్తున్న సంగతి ముందుగా ఆయన నోటి నుంచి తెలియలేదు. వార్త బయటికి పొక్కాక, ఆయన సందేశం వెనకాల వచ్చింది.

ఆ వారం తిరక్కుండానే, డిసెంబరు 3న, నోటర్‌డేమ్ వాళ్లు తమ దగ్గరే డిఫెన్స్ చూస్తున్న సహాయ కోచ్ మార్కస్ ఫ్రీమన్‌ను హెడ్ కోచ్‌ను చేశారు. అప్పటికి అతనికి 35 ఏళ్లు. ఆ విశ్వవిద్యాలయంలో చేరి ఏడాది కూడా నిండలేదు. అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్‌గా పనిచేసి ఎరగడు.

ఆ నిర్ణయం మంచిదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఫ్రీమన్ గెలిచాడు కాబట్టి మంచిదైందని మాత్రం అనను. కుర్రవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టడానికి ఒక్క రోజు ధైర్యం చాలు. అతను వరసగా ఓడుతున్నప్పుడు కూర్చోబెట్టినవాళ్లు ఎలా నడుచుకున్నారన్నది చూడాలి. సహాయకుణ్ని పైకి తేవడం తప్పా ఒప్పా అనే వాదన ప్రతి డిసెంబరులోనూ అక్కడ రేగుతుంది. ఆ వాదనలో కుర్రవాడి వయసు గురించి మాట్లాడినంతగా, అతన్ని నియమించినవాళ్ల ఓపిక గురించి ఎవరూ మాట్లాడరు. నా ఫిర్యాదల్లా అదే.

నేను కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. వాలీబాల్ నా ఆట. మా అబ్బాయి ఉద్యోగం నోటర్‌డేమ్‌కు కూతవేటు దూరంలో ఉన్న మిషవాకాలో. అక్కడికి వెళ్లినప్పుడల్లా వేసవి దాటి చలి ముదిరేదాకా ఉంటాం. ఆ నెలల్లో అక్కడ శనివారం వచ్చిందంటే ఇంకో కబురు ఉండదు. మొదట్లో ఆట అర్థం కాక, అలవాటు కొద్దీ కోచ్‌లను చూస్తూ కూర్చునేవాణ్ని. ఆట అర్థమయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్తాను. ఇది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతి, తలకు హెల్మెట్లు, భుజాలకు గట్టి కవచాలు, వంద గజాల మైదానం. ఒక్కో కాలేజీ జట్టులో వంద మందికి పైగా ఉంటారు. బంతి ముందుకు తీసుకెళ్లే పదకొండు మంది వేరు, అడ్డుకునే పదకొండు మంది వేరు, తన్నడానికి దిగే బృందం మళ్లీ వేరు. దాడికి ఒక కోఆర్డినేటర్, డిఫెన్స్‌కు ఒక కోఆర్డినేటర్, వాళ్ల కింద ఒక్కో స్థానానికి ఒక్కో కోచ్, అందరి మీదా హెడ్ కోచ్. నోటర్‌డేమ్ స్టేడియంలో 77 వేల మందికి పైగా పడతారు. అది ప్రైవేటు విశ్వవిద్యాలయం గాని, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతాల పట్టిక తీస్తే అందరికన్నా పైన కనబడేది ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని కోచ్ పేరే. గవర్నరు జీతం ఎక్కడో కింద ఉంటుంది.

ఇంత డబ్బు, ఇంతమంది జనం ఉన్నచోట కొత్తవాణ్ని ఎందుకు నమ్ముతారు? దీనికి సగం జవాబు క్యాలెండరులో ఉంది. నవంబరు నెలాఖరుకు మామూలు సీజను ముగుస్తుంది. అప్పట్లో డిసెంబరు మధ్యలో, పన్నెండో తరగతి చదివే కుర్రాళ్లు ఏ కాలేజీకి ఆడతారో సంతకాలు పెట్టే రోజులు మొదలయ్యేవి. 2021లో ఆ తేదీ డిసెంబరు 15. అంటే కెల్లీ వెళ్లేనాటికి మిగిలింది రెండు వారాల పైచిలుకు. రెండేళ్లుగా ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో కూర్చుని, మాట తీసుకున్న కుర్రాళ్లంతా ఆ రెండు వారాల్లో చేజారిపోవచ్చు. దానికి తోడు అదే ఏడాది నుంచి ఆటగాళ్లు ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నిబంధన పోయింది. ఇష్టం లేని కుర్రాడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు రాసుకుని వెళ్లిపోవచ్చు. బయటినుంచి కొత్త కోచ్ వచ్చి, కుర్రాళ్ల పేర్లు నేర్చుకునేలోపు సగం జట్టు ఖాళీ అవుతుందన్న భయం ఉత్తుత్తి భయం కాదు. లోపలి మనిషిని లేపి నిలబెడితే ఇల్లు చెదరదు.

అందుకే ఆ డిసెంబరులో నోటర్‌డేమ్ ఆటగాళ్లు తమకు ఫ్రీమనే కావాలని బాహాటంగా చెప్పారు. అతని పేరు ఖాయమయ్యాక అతను జట్టు ముందుకు వచ్చిన వీడియో మా అబ్బాయి ఫోనులో చూపించాడు. అడుగు పెట్టాడో లేదో కుర్రాళ్లు ఒక్కసారిగా మీద పడిపోయారు. ఎగరడాలు, అరుపులు. ఆ గుంపులో మనిషి కనిపించడు, చేతులు మాత్రం కనిపిస్తాయి. చూడటానికి కళ్లు చెమర్చే దృశ్యమే.

కానీ దాన్ని చూసి మురిసిపోయి ఊరుకుంటే కుదరదు. నా సర్వీసులో మా జట్టులోనే ఆడి, పాసై, రెండేళ్లు నాకు సాయంగా గ్రౌండుకు వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. నేను సెలవులో ఉన్నప్పుడు ఇంటర్ కాలేజియేట్ పోటీలకు జట్టును అతనికి అప్పగించాను. కుర్రాళ్లకు అతనంటే ప్రాణం. నెట్టు కట్టే దగ్గర్నుంచి టీ తాగే దాకా కలిసే ఉండేవాళ్లు. అతనికి ఆట రాకపోవడం సమస్య కాలేదు, కుర్రాళ్లు మాట వినకపోవడమూ కాలేదు. పద్నాలుగు మందిలోంచి పన్నెండు మంది పేర్లు రాయాల్సిన రాత్రి అతనికి నిద్ర లేదు. నిన్నటిదాకా భుజం మీద చెయ్యేసి తిరిగినవాణ్ని రేపు బస్సు ఎక్కవద్దని చెప్పాలి. సహాయకుడికి ఆ పని ఎప్పుడూ పడదు. తిట్టేది పెద్దాయన, తీసేసేది పెద్దాయన, ఓదార్చేది సహాయకుడు. కుర్రాళ్లు అతన్ని ప్రేమించడంలో ఈ పంపకం పాత్ర చాలా ఉంటుంది. హెడ్ కోచ్ అయిన మరుక్షణం ఆ సౌకర్యం పోతుంది. కాబట్టి ఆటగాళ్లు ఎగిరి గంతేశారన్నది పనికొచ్చే సాక్ష్యమే గాని, దాని మీద ఒక్కదాని మీదే తీర్పు చెప్పకూడదు.

ఫ్రీమన్ చరిత్ర చూస్తే వయసు మాటకు అంత బరువు ఇవ్వనక్కర్లేదని కూడా తెలుస్తుంది. ఒహాయో కుర్రాడు. తండ్రి వైమానిక దళంలో పనిచేశాడు, తల్లి కొరియా నుంచి వచ్చినావిడ. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడి, 2009లో ప్రొఫెషనల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో షికాగో బేర్స్ జట్టుకు ఎంపికయ్యాడు. మరుసటి ఏడాది వైద్య పరీక్షల్లో గుండె ఉండాల్సినదానికన్నా పెద్దదిగా ఉందని తేలింది. ఆడటం అక్కడితో ఆగిపోయింది. అప్పటికి అతనికి 24 ఏళ్లు. అదే ఏడాది పాత కాలేజీకే వచ్చి అట్టడుగు సహాయకుడిగా చేరాడు. తర్వాత కెంట్ స్టేట్, పర్డ్యూ, సిన్సినాటి, నోటర్‌డేమ్. 35 ఏళ్లకు పదకొండేళ్ల అనుభవం. ఆటలోంచి ముందే బయటపడాల్సి వచ్చినవాడు నేర్పే పనిలోకి ముందే దిగుతాడు. వయసు తక్కువని తోసెయ్యబోయేముందు ఈ లెక్క చూసుకోవాలి.

నోటర్‌డేమ్ కథ నాకు మరీ ఆసక్తిగా అనిపించడానికి కారణం, ఈ ప్రయోగం ఆ విశ్వవిద్యాలయానికి కొత్త కాదు. వాళ్లు దేవుడిలా కొలిచే నూట్ రాక్నీ సహాయ కోచ్‌గానే మొదలయ్యాడు. నార్వేలో పుట్టి, చిన్నతనంలో వలస వచ్చి, నోటర్‌డేమ్‌లో చదివి, అక్కడే రసాయనశాస్త్రం బోధనలో సాయపడుతూ జెస్సీ హార్పర్ అనే కోచ్ కింద పనిచేశాడు. 1918లో హార్పర్ పశువుల పెంపకం చూసుకోవడానికి కాన్సస్‌కు వెళ్తూ, నా తర్వాత ఇతనే అని పట్టుబట్టాడు. రాక్నీకి అప్పుడు 30 ఏళ్లు. ఆ సంవత్సరం ప్రపంచమంతా స్పానిష్ ఫ్లూ. ఆటలు అరకొరగా జరిగాయి. మూడు గెలుపులు, ఒక ఓటమి, రెండు డ్రాలు. గొప్ప ఆరంభమేమీ కాదు. ఆ తర్వాతి రెండేళ్లు మాత్రం ఒక్క ఆటా ఓడలేదు. 1931లో విమాన ప్రమాదంలో చనిపోయేనాటికి 105 గెలుపులు, 12 ఓటములు, 5 డ్రాలు.

ఇది అందరికీ తెలిసిన కథ. తక్కువ మంది చెప్పుకునేది టెర్రీ బ్రెనన్ కథ. నాలుగు జాతీయ చాంపియన్‌షిప్‌లు తెచ్చిన ఫ్రాంక్ లేహీ ఆరోగ్యం పాడై 1954 ఆరంభంలో తప్పుకున్నాడు. ఆ స్థానంలో బ్రెనన్‌ను పెట్టారు. అతని వయసు 25. అంతకుముందు ఏడాదే కాలేజీలో మొదటి సంవత్సరం కుర్రాళ్ల జట్టు చూడటానికి వచ్చాడు. అంతకుముందు షికాగోలో ఒక హైస్కూలు కోచ్. 25 ఏళ్ల మనిషి 22 ఏళ్ల కుర్రాళ్లకు పెద్ద దిక్కు. మొదటి ఏడాది తొమ్మిది గెలిచి ఒకటి ఓడాడు. రెండో ఏడాది ఎనిమిది గెలిచి రెండు ఓడాడు. ఆ రెండేళ్లూ అతని వయసు అందరికీ ముచ్చటగానే ఉంది. మూడో ఏడాది, 1956లో, రెండే గెలిచి ఎనిమిది ఓడాడు. ఆ జట్టులోని పాల్ హార్నంగ్‌కు ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ వచ్చింది. అంత మంచి ఆటగాడు ఉండీ జట్టు ఓడిందంటే తప్పెవరిది అని అడిగారు. ఫుట్‌బాల్ కన్నా చదువు ముఖ్యమని విశ్వవిద్యాలయమే ఆ రోజుల్లో ఆటగాళ్ల స్కాలర్‌షిప్‌లు తగ్గించిన సంగతి అడిగినవాళ్లు మర్చిపోయారు. 1957లో బ్రెనన్ జట్టు ఓక్లహోమాను దాని సొంత గడ్డ మీద 7-0తో ఓడించి, ఆ జట్టు 47 ఆటల వరస విజయాలకు అడ్డుకట్ట వేసింది. ఇప్పటికీ చెరగని రికార్డు అది. అయినా 1958 డిసెంబరులో, క్రిస్మస్ ముంగిట, అతన్ని తీసేశారు. మొత్తం లెక్క 32 గెలుపులు, 18 ఓటములు. అప్పటికి అతనికి 30 ఏళ్లు. రాక్నీ కోచ్ అయిన వయసు.

బ్రెనన్ చిన్నవాడు కావడం వల్ల విఫలమయ్యాడని తర్వాత పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ చాలామంది రాశారు. నాకు అలా కనిపించడం లేదు. సరుకు తగ్గించి, వంట మాత్రం లేహీ నాటి రుచిలోనే ఉండాలన్నారు.  చిన్నవాడికి పెద్ద పదవి ఇచ్చి, దానికి కావలసినవి ఇవ్వకపోతే, ఓటమికి వయసును సాకుగా చూపడం తేలిక. పాతికేళ్ల వయసు కాగితం మీద కనిపిస్తుంది, తగ్గించిన స్కాలర్‌షిప్‌లు కనిపించవు.

ఇప్పుడు ఫ్రీమన్ మొదటి సంవత్సరానికి వద్దాం. తొలి ఆట 2022 జనవరి 1న, పాత సీజను ముగిశాక జరిగే ఫియెస్టా బౌల్, ఓక్లహోమా స్టేట్ మీద. 28-7 ఆధిక్యంలో ఉండి 37-35తో ఓడారు. డిఫెన్స్ కోచ్ అయిన మనిషి జట్టు 21 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుంది. సెప్టెంబరులో రెండో ఆట ఒహాయో స్టేట్ గడ్డ మీద, 21-10తో ఓటమి. అది ఊహించినదే. మూడోది సెప్టెంబరు 10న సొంత స్టేడియంలో, వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన మార్షల్ జట్టు మీద.

ఆ ఆటకు మా అబ్బాయి నన్ను తీసుకెళ్లాడు. నాలుగో భాగంలో ఇంకా ఐదు నిమిషాల చిల్లర ఉందనగా మార్షల్ వాళ్లు 94 గజాలు మోసుకొచ్చి ఆధిక్యంలోకి వెళ్లారు. కాసేపటికే నోటర్‌డేమ్ వాళ్ల పాస్‌ను మధ్యలో అందుకుని నేరుగా గీత దాటించేశారు. డెబ్బై వేల మంది ఉన్నచోట మార్షల్ వాళ్లు కూర్చున్న ఒక్క మూల మాత్రం అరుస్తోంది. మా వరుసలో జనం కాళ్లు తప్పించుకుంటూ బయటికి కదిలారు. వెనక ఎవరో కుర్రాడు కెల్లీ ఉంటే ఇలా జరిగేది కాదన్నాడు. నా పక్కన ఆకుపచ్చ స్వెట్టరు వేసుకున్న పెద్దాయన తల తిప్పి, కెల్లీ మొదటి ఏడాది టల్సా చేతిలో ఇక్కడే ఓడాడయ్యా, నేను ఈ సీట్లోనే ఉన్నాను, అన్నాడు. కుర్రాడు మాట్లాడలేదు. పెద్దాయన ఆఖరి గంట దాకా లేవలేదు. 26-21.

ఆయన చెప్పింది నిజం. 2010లో కెల్లీ వచ్చినప్పుడు అతనికి దాదాపు రెండు దశాబ్దాల హెడ్ కోచ్ అనుభవం ఉంది. ఆ సీజనులో టల్సా చేతిలో సొంత గడ్డ మీద ఒక్క పాయింటు తేడాతో ఓడాడు. ఎనిమిది గెలిచి ఐదు ఓడాడు. అప్పుడెవరూ ఇతనికి అనుభవం చాలదనలేదు. అదే ఓటమి ఫ్రీమన్‌కు ఎదురైతే వయసు గుర్తొచ్చింది. మొదటి మూడు ఆటలూ ఓడిన తొలి నోటర్‌డేమ్ హెడ్ కోచ్ అన్న మాట ఆ సాయంత్రం ప్రతి టీవీలోనూ వినిపించింది. ఆ ఏడాదే అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ చేతిలో కూడా సొంత గడ్డ మీద ఓడారు. నవంబరులో దేశంలో నాలుగో ర్యాంకులో ఉన్న క్లెమ్సన్‌ను 35-14తో చిత్తు చేశారు. చివరికి తొమ్మిది గెలుపులు, నాలుగు ఓటములు. కెల్లీ మొదటి ఏడాది కన్నా ఒక గెలుపు ఎక్కువే.

ఓపిక అందరికీ సమానంగా దొరకదని కూడా ఇక్కడే చెప్పాలి. 2002లో నోటర్‌డేమ్ తొలిసారి ఒక నల్లజాతి కోచ్‌ను, టైరోన్ విల్లింగ్‌హమ్‌ను, ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌గా పెట్టుకుంది. మొదటి ఎనిమిది ఆటలూ గెలిచాడు. మూడు సీజన్లలో 21 గెలుపులు, 15 ఓటములు. మూడో ఏడాది నవంబరులో తీసేశారు. అతని తర్వాత వచ్చిన చార్లీ వైస్‌కు, మొదటి సీజను సగంలోనే, ఐదు గెలిచి రెండు ఓడి ఉండగా, పదేళ్ల కొత్త ఒప్పందం ఇచ్చారు. వైస్ అంతకుముందు ఏ కాలేజీ జట్టుకూ హెడ్ కోచ్ కాదు. ఒకరికి మూడేళ్లకే సహనం చచ్చింది, ఇంకొకరికి ఏడు ఆటలకే పదేళ్ల నమ్మకం పుట్టింది. ఆ వైస్‌ను 2009లో పంపించేశారు. విశ్వవిద్యాలయం అతనికి డబ్బు కడుతూనే పోయింది. ఈ చరిత్ర తెలిసినవాళ్లకు, మార్షల్ ఓటమి సాయంత్రం ఫ్రీమన్ విషయంలో భయం వెయ్యడం సహజం. అథ్లెటిక్ డైరెక్టర్ జాక్ స్వార్‌బ్రిక్ మాత్రం కదల్లేదు. అతన్ని ఎంచుకున్నది ఆయనే. ఆ రోజు ఆయన కదలకపోవడాన్ని నేను నియామకం కన్నా పెద్ద పనిగా లెక్కిస్తాను.

ఫ్రీమన్ కూడా తన వంతు పని చేశాడు. అది నాకు అన్నిటికన్నా నచ్చింది. కొత్తగా పదవి వచ్చిన కుర్రవాళ్లలో చాలామంది తమకన్నా చిన్నవాళ్లనో, తమ మాటకు తలూపేవాళ్లనో చుట్టూ పెట్టుకుంటారు. ఇతను హెడ్ కోచ్ కాగానే తను వదిలిన డిఫెన్స్ కుర్చీలో ఆల్ గోల్డెన్‌ను కూర్చోబెట్టాడు. గోల్డెన్ అతనికన్నా పదహారేళ్లు పైబడినవాడు. టెంపుల్‌లోనూ మయామీలోనూ హెడ్ కోచ్‌గా చేసి వచ్చినవాడు. ఆ సమయానికి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు సిన్సినాటి బెంగాల్స్‌తో ఆ లీగు ఫైనలైన సూపర్ బౌల్ దాకా వెళ్లాడు. రెండేళ్ల తర్వాత దాడి విభాగానికి మైక్ డెన్‌బ్రాక్‌ను తెచ్చుకున్నాడు. అతనూ ఇరవై ఏళ్లు పెద్దవాడే, సిన్సినాటిలో ఇద్దరూ కలిసి పనిచేశారు. అప్పుడు డెన్‌బ్రాక్ ఎవరి దగ్గరున్నాడంటే, ఎల్‌ఎస్‌యూలో కెల్లీ దగ్గర. సహాయకుణ్ని పైకి తేవాలనుకునేవాళ్లు ఇంటర్వ్యూలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని నా ఉద్దేశం: నీ కింద ఎవర్ని పెట్టుకుంటావు? వాళ్లలో నీకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఎంతమంది?

ఇంత చేసినా తప్పులు జరిగాయి. 2023 సెప్టెంబరు 23న ఒహాయో స్టేట్ మీద ఆడుతూ, ఆఖరి క్షణాల్లో, తమ గీతకు గజం దూరంలో బంతి ఉండగా, నోటర్‌డేమ్ డిఫెన్స్ పదకొండు మందికి బదులు పది మందితో నిలబడింది. ఒకసారి కాదు, వరసగా రెండుసార్లు. ఒక్క సెకను మిగిలి ఉండగా అవతలివాళ్లు గీత దాటారు. 17-14. ఆట అయ్యాక ఫ్రీమన్ దాచలేదు. ఒకరు తక్కువున్నారని తెలిసిందని, టైమౌట్లు అయిపోయాయని, పెనాల్టీ పడుతుందని కుర్రాణ్ని లోపలికి రావద్దన్నామని చెప్పాడు. బంతి గీత మీదే ఉన్నప్పుడు పెనాల్టీ పడితే పోయేదేముంది, అర గజం. ఆ లెక్క ఆ క్షణంలో తట్టలేదు. గడియారం, టైమౌట్లు, ఎవరు లోపల ఎవరు బయట అన్నవి హెడ్ కోచ్ కుర్చీలో కూర్చుంటే తప్ప చేతికి రావు. ఏ సహాయకుడికీ ఆ సాధన ముందుగా దొరకదు. కుర్రవాడికి కుర్చీ ఇస్తే ఇలాంటి రాత్రి ఒకటో రెండో వస్తాయని లెక్కలో రాసుకునే ఇవ్వాలి.

2024లో టెక్సస్ ఏ అండ్ ఎం మీద వాళ్ల గడ్డ మీద గెలిచి, వారం తిరిగేసరికి సొంత స్టేడియంలో నార్తర్న్ ఇలినాయ్ చేతిలో 16-14తో ఓడారు. మూడో ఏడాది కూడా మార్షల్ కథే. ఆ ఆదివారం మా అబ్బాయి ఆఫీసు స్నేహితులు ఇంటికి భోజనానికి వచ్చారు. వాళ్లలో ఇద్దరు ఫ్రీమన్‌ను ఇంక పంపించెయ్యాల్సిందేనని కూర్చున్నారు. ఆ తర్వాత ఆ జట్టు వరసగా పదమూడు ఆటలు గెలిచింది. ప్లేఆఫ్‌లో ఇండియానాను, జార్జియాను, పెన్ స్టేట్‌ను దాటింది. 2025 జనవరి 20న అట్లాంటాలో జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడింది. ఆ ఫైనల్ దాకా జట్టును తీసుకెళ్లిన తొలి నల్లజాతి హెడ్ కోచ్ అతనే, తల్లి వైపు నుంచి చూస్తే తొలి ఆసియా మూలాల కోచ్ కూడా అతనే. 2025 సీజనులో మళ్లీ మొదటి రెండూ ఓడారు, రెండిటికీ కలిపి తేడా నాలుగు పాయింట్లు. మిగిలిన పదీ గెలిచారు.

బయటి మనిషే భద్రం అనేవాళ్లకు నోటర్‌డేమ్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2001 డిసెంబరులో జార్జియా టెక్ నుంచి జార్జ్ ఓలియరీ అనే అనుభవజ్ఞుణ్ని తెచ్చారు. అతని బయోడేటాలో రాసుకున్న మాస్టర్స్ డిగ్రీ, కాలేజీ ఆట నిజం కావని తేలి, ఐదు రోజులకే రాజీనామా చేశాడు. బయటివాళ్లంతా అలాంటివాళ్లని అనను. బయటివాణ్ని కాగితం మీద చూస్తాం, ఫోనులో వింటాం. సహాయకుణ్ని పొద్దున్నే వ్యాయామశాలలో చూస్తాం, ఓడిన రాత్రి బస్సులో చూస్తాం. వేరే పనిలో చూశామన్నది నిజమే గాని, చూడటమంటూ జరిగింది.

ఇదంతా నోటర్‌డేమ్ అదృష్టం అనిపిస్తే క్లెమ్సన్ చూడండి. 2008 అక్టోబరులో మూడు గెలిచి మూడు ఓడిన దశలో కోచ్ టామీ బౌడెన్ తప్పుకుంటే, రిసీవర్ల కోచ్ డాబో స్వీనీకి జట్టు అప్పగించారు. 38 ఏళ్లు. కనీసం కోఆర్డినేటర్ కూడా కాదు. అంతకుముందు కోచింగ్ ఉద్యోగం పోయి రెండేళ్లు స్థిరాస్తి వ్యాపారంలో గడిపిన మనిషి. 2010లో ఆరు గెలిచి ఏడు ఓడాడు. ఆ ఏడాది సౌత్ కరోలినా చేతిలో ఓడిన రాత్రి అథ్లెటిక్ డైరెక్టర్ టెర్రీ డాన్ ఫిలిప్స్ తన గదికి వస్తే, ఉద్యోగం పోయిందనే స్వీనీ అనుకున్నాడు. ఫిలిప్స్ అతని మీద నమ్మకం ఇంకా పెరిగిందని చెప్పి వెళ్లాడు. మర్నాడు పత్రికలు చదివితే ఆయనకు మతి పోయిందని రాసినవాళ్లే ఎక్కువ ఉండి ఉంటారు. 2011లో క్లెమ్సన్ తన కాన్ఫరెన్స్, అంటే తను ఆడే కాలేజీల లీగు, టైటిల్ గెలిచింది, ఇరవై ఏళ్ల తర్వాత. 2016, 2018 సీజన్లలో జాతీయ చాంపియన్‌షిప్‌లు గెలిచింది. ఆ రాత్రి ఫిలిప్స్ వేరే మాట చెప్పి ఉంటే ఇవి వచ్చేవా అన్నది ఎవరూ తేల్చలేరు. కానీ ఆ మాట ఆయన ఆటలు గెలిచాక చెప్పలేదు, ఓడిన రాత్రి చెప్పాడు.

ఒక అభ్యంతరం మిగిలింది, అది చిన్నది కాదు. ఇంత ఓపిక పట్టి పెంచాక, ఆ కుర్రవాడు ఎక్కువ డబ్బు ఇచ్చేచోటికి వెళ్లిపోతే? మొదట్లో చెప్పిన లింకన్ రైలీ సరిగ్గా అలాంటివాడే. 2017 జూన్‌లో బాబ్ స్టూప్స్ రిటైరైతే, 33 ఏళ్ల రైలీని కోఆర్డినేటర్ నుంచి హెడ్ కోచ్‌ను చేసింది ఓక్లహోమా. ఐదు సీజన్లలో 55 గెలుపులు, 10 ఓటములు. ఆ తర్వాత ఒక ఆదివారం సామాను సర్దుకున్నాడు. ఫ్రీమన్ పేరు కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల ఖాళీల్లో ప్రతి ఏడాదీ వినపడుతోంది. రేపు వెళ్లవచ్చు. ఓక్లహోమాకు ఆ ఐదేళ్లు దండగ అయ్యాయని మాత్రం ఎవరూ అనలేరు. ఇద్దరు హైస్మన్ విజేతలు వచ్చిన ఏళ్లవి. వదిలి వెళ్లేవాళ్లు వయసును బట్టి వెళ్లరు. కెల్లీ 60 ఏళ్ల వయసులో వెళ్లాడు. అతన్ని అంత డబ్బు పోసి తెచ్చుకున్న ఎల్‌ఎస్‌యూ, 2025 అక్టోబరులో సీజను మధ్యలోనే పంపించేసింది. ఇంకా ఐదు కోట్ల డాలర్లకు పైగా బాకీ ఉండగా.

కాబట్టి ఈ డిసెంబరులో ఎక్కడైనా ఖాళీ వస్తే, బయట పేర్ల జాబితాలు రాసే సంస్థలకు లక్షల డాలర్లు పోసే ముందు, తమ సహాయకుల గదిలోకి ఒకసారి చూడమంటాను. అక్కడ తగినవాడుంటే తీసుకోండి. తీసుకునేటప్పుడే మూడు సీజన్ల దాకా అతని ఉద్యోగం ఊసెత్తబోమని ట్రస్టీల చేత ఒప్పించండి. పెద్ద వయసు కోఆర్డినేటర్లకు జీతాలివ్వడానికి అతని చేతిలో డబ్బు పెట్టండి. ఈ రెండూ మా వల్ల కాదంటే అతన్ని పైకి లాగకండి. సహాయకుడిగానే ఉండనివ్వండి, ఇంకెక్కడో ఇవి ఇచ్చేవాళ్లు అతనికి దొరుకుతారు.